మీ కార్డు ఏది సార్?

"వదినా! వదిలేసినారు!"

బస్సు ఇంకా ఆగనే లేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కండక్టర్ ఓబులయ్య అరుస్తున్నాడు.

ఆత్మకూరు బస్టాండులో నిలబడ్డ ఆదిశేషమ్మ పరుగున ఎదురెళ్తుంది.

"ఎవుర్ని?"

"ఎవుర్నేంది! మా మల్లిగాణ్ణి... నీ మొగుణ్ణి! మద్రాసు హైకోర్టులో మన నెల్లూరు ప్లీడరు శ్రీమన్నారాయణ గెలిచినాడు!"

"ఎప్పుడొస్తారు?"

"వచ్చేదేంది? వెనక్కి తిరిగి చూడు!"

మల్లికార్జునం!

బస్సు ఆగకముందే వెనక మెట్టు మీంచి దూకేశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం మాసింది. నవ్వు మాత్రం పెళ్ళిపీటల మీదదే!

పెళ్ళయిన వారానికే తీసుకుపోయారు అతన్ని. ఉదయగిరిలో వాళ్ళది బట్టల అంగడి. ఆ రోజు స్పెషల్ డ్యూటీ ఎస్సై జనార్దనయ్య అంగడి ముందు జీపు ఆపాడు. గుర్తింపు కార్డు తియ్యమన్నాడు. మల్లికార్జునం తీశాడు. తీసి, నవ్వుతూ ఒక్క మాట అడిగాడు.

"మీ కార్డు ఏది సార్?"

అంతే!

భద్రతా చట్టం. కేసు లేదు. విచారణ లేదు. ఒక్క సంతకం... జైలు! కార్డు కూడా లాక్కున్నాడు.

ఆదిశేషమ్మ కాలి మెట్టెలు ఇంకా కొత్తవే. కోపం మాత్రం ముదిరింది.

అయినా ఇవ్వాళ కోపం గుర్తు లేదు. మల్లెపూలు కొంటుంది. గోలీసోడా కొంటుంది. ఉదయగిరి పోయే అదే బస్సులో ముందు సీటు దొరికినందుకు చిన్నపిల్లలా చప్పట్లు కొడుతుంది.

"సోడా తాగరా?"

"నువ్వు కొట్టు. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో!"

బస్సు కదులుతుంది. కదిలే బస్సులోకి ఎవరో ఎక్కుతారు. సరిగ్గా వాళ్ళ వెనక సీట్లో కూర్చుంటారు.

"టిక్కెట్టు సార్!"

"నాకారా టిక్కెట్టు?"

ఆ గొంతు!

ఆదిశేషమ్మ సోడా కొట్టబోయి ఆగిపోతుంది. తిరిగి చూస్తుంది. ఖాకీ లేదు. తెల్ల చొక్కా... పైన కోటు... ఎస్సై జనార్దనయ్య!

"ఏం శెట్టీ! అత్తగారింట్లో మర్యాదలు బాగా చేసినారా?"

"కోర్టు వదిలింది సార్."

"వదిలింది. నేను ముట్టుకుంటే జడ్జీ ఊరుకోడు. అందుకే ముట్టుకోను." కోటు కొంచెం పక్కకి తొలగిస్తాడు. నడుము దగ్గర రివాల్వర్! "దిగినావో... పారిపోతుండాడని కాలుస్తా."

జేబులోంచి ఒక కార్డు తీసి మల్లికార్జునం మొహం ముందు ఆడిస్తాడు. అతని కార్డే!

"ఇది నా కాడ ఉండాది. గేటు కాడ ఏం చూపిస్తావు శెట్టీ?"

ఉదయగిరి దారిలో చెక్‌పోస్టు. కార్డు లేనివాడు గేటు దాటడు. నేరుగా లోపలికే! మళ్ళీ ఎప్పుడు బయటికో... ఎవరికీ తెలీదు.

"గేటు కాడ మలబారు పోలీసోళ్ళు. నిన్ననే దిగినారు. నేనే అడిగి వేయించినా. తెలుగు ముక్క రాదు గదా, ఎవురు ఏడ్చినా జాలిపడరు! నా మొగం కూడా ఇంకా చూళ్ళేదు. కాయితం మీదే ఆర్డర్ పంపినా. పోలీసునని చెప్పినా నమ్మొద్దు... దేవుడు దిగొచ్చినా కార్డు అడగమని!"

నవ్వుతూ ఆ కార్డును తన కార్డుతో జతచేసి కోటు జేబులో దోపుకుంటాడు.

నా మొగం ఇంకా చూళ్ళేదు...

ఆ మాట ఆదిశేషమ్మ తలలో గోలీలా గిర్రున తిరుగుతుంది.

ఆమె బొటనవేలు సోడాబుడ్డి మీదకి పోతుంది. వెనక్కి తిరుగుతుంది. నొక్కుతుంది.

భుస్స్!

"అయ్యయ్యో!"

కోటంతా సోడా!

"కళ్ళు నెత్తికెక్కినాయా? తుడువు!"

మల్లికార్జునం పిడికిలి బిగుసుకుంటుంది. "నా పెళ్ళాం చేత..."

"ఉండండి. తప్పు నాదే గదా!"

తల వంచుకుని పైటకొంగుతో తుడుస్తుంది. కాలరు... మడతలు... జేబులు. నిదానంగా. ఎస్సై మీసం దువ్వుకుంటూ మల్లికార్జునాన్నే చూస్తుంటాడు.

తుడవడం అయిపోయింది. ఆమె ముందుకి తిరిగి కూర్చుని, భర్త చేతిలో చెయ్యి వేస్తుంది.

అతని వేళ్ళకి ఏదో గట్టిగా తగులుతుంది. అట్టముక్క!

అదిరిపడి చూస్తాడు.

ఆమె కిటికీలోంచి బయటికి చూపిస్తుంది. "కొండ ఎంత బాగుండాదో చూడండి!"

గేటు!

మసక చీకటి. పెట్రోమాక్స్ లైటు. తుపాకులు. హవల్దారు లోపలికి తల పెడతాడు.

"కార్డ్ ఎవిడె?"

ఆదిశేషమ్మ చూపిస్తుంది. మల్లికార్జునమూ చూపిస్తాడు!

జనార్దనయ్య నవ్వు మొహం మీదే ఎండిపోతుంది. చెయ్యి జేబులోకి పోతుంది. కుడి జేబు... ఎడమ జేబు... లోపలి జేబు...

లేదు!

"కార్డ్?"

"ఐ యామ్ సబ్ ఇన్‌స్పెక్టర్!"

హవల్దారు మెడ అడ్డంగా ఊపుతాడు. అతనికి వచ్చిన ఆర్డర్ అదే మరి! "కార్డ్!"

"నీకు మతిపోయిందా? ఆ ఆర్డర్ ఇచ్చిందే నేను!" విసురుగా లేస్తాడు. కోటు తొలగుతుంది.

"తోక్కు!" అని ఎవరో మలయాళంలో కేక పెడతారు... తుపాకీ అని! అందరి కళ్ళూ రివాల్వర్ మీదే!

ఢాం!

గేటు కాపలా తుపాకీలోంచి గాల్లోకి ఒక తూటా. ఎస్సై చేతులు వాటంతటవే పైకి లేస్తాయి.

"ఒరే కండక్టరూ! నువ్వు చెప్పరా నేనెవురో!"

ఓబులయ్య బుర్ర గోక్కుంటాడు. "టిక్కెట్టు కొనుంటే గుర్తుండేది సార్!"

బస్సులో అందరికీ తెలుసు ఆయనెవరో. ఒక్కరి నోరూ పెగలదు.

ఈడ్చుకుపోతారు. గేటు పక్కన కమ్మీల కొట్టు. తాళం పడుతుంది.

"అమ్మా! నీకు తెలుసు గదమ్మా నేనెవురో! ఒక్క మాట చెప్పమ్మా!"

మల్లికార్జునం భార్య భుజం తడతాడు. "శేషూ... ఇచ్చెయ్యి. మనం వాడి మాదిరి కాదు."

"ఇస్తా. ఊరికే మాత్రం ఇయ్యను."

ఆమె కమ్మీల దగ్గరికి నడుస్తుంది. మెట్టెలు టకటకమంటాయి.

"మీ కార్డు ఏది సార్?"

జనార్దనయ్య చెయ్యి మళ్ళీ జేబు మీదకి పోతుంది.

"తుడవమన్నారు గదా... జేబుతో సహా తుడిచేసినా!"

"నిన్ను... నిన్ను..."

"ఏ సెక్షన్ కింద సార్?"

ఎస్సై కమ్మీలు పట్టుకుని ఊపుతాడు.

"రేపు పొద్దున మొదటి బస్సుకే మేం నెల్లూరు పోతాం. ప్లీడర్ని వెంటబెట్టుకుని ఇక్కడికే వస్తాం. పిటిషన్ నీ పేరు మీద! కార్డు లేదని, కారణం చెప్పకుండా మనిషిని లోపలెయ్యడం అన్యాయమని హైకోర్టుకి నువ్వే రాయాల. నువ్వే సంతకం పెట్టాల. పెట్టినాకనే నీ కార్డు!"

"పెట్టకపోతే?"

ఆదిశేషమ్మ హవల్దారు వైపు చూస్తుంది. మల్లెపూలు సర్దుకుంటుంది. నవ్వుతుంది.

"అయితే వీళ్ళకి తెలుగొచ్చేదాకా ఆడనే ఉండు... సార్!"