గుండ్లవంక మిట్ట మీద ఆగని కారు

"దామోదరా...!"

చీకట్లోంచి ఎవరో పిలిచినారు. ఆడగొంతో, మగగొంతో... గాలికి తెలీలేదు.

స్టీరింగు మీద చేతులు చల్లబడిపోయినాయి. అయినా దామోదర్ గుండెలో మాత్రం మొగ్గ విచ్చుకున్నట్టయింది. ఉండాది! దెయ్యం నిజంగానే ఉండాది!

భయపడాల్సిన చోట అంత సంబరం ఎందుకో చెప్పాలంటే, ముందు ఆ చోటు సంగతి చెప్పాలి.

పుంగనూరు దాటి కుప్పం పోయే దోవలో గుండ్లవంక మిట్ట. మొదటినుంచీ మంచిపేరు లేదు దానికి. రాత్రిపూట బండ్లను ఏదో పట్టుకుంటుందని చెప్పుకుంటారు. పోయిన వైశాఖంలో బయ్యమ్మకు గుండెనొప్పి వస్తే, మొగుడు కుప్పుస్వామి కార్లో ఆసుపత్రికి బయల్దేరినాడు. సరిగ్గా మిట్ట మీద కారు ఆగిపోయింది. అరగంటకు దానంతటదే స్టార్టయింది... కానీ వెనకసీట్లో బయ్యమ్మ ప్రాణం అప్పటికే పోయింది.

"బండిలో ఏ లోపమూ లేదప్పా. ఆ మిట్టే మంచిది కాదు" అన్నాడు మదనపల్లె మెకానిక్కు దామోదర్.

అబద్ధం.

అంతకు నాలుగురోజుల ముందే, ఇంజన్ లైటు వెలుగుతోందని కుప్పుస్వామి కారు తెచ్చినాడు. స్కానర్ పెడితే కోడు తేటగా చూపించింది — క్రాంక్ సెన్సార్. వేడెక్కితే అది మూగబోతుంది, ఇంజన్ ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ పలుకుతుంది. కొత్తది తానే బెంగళూరు పోయి తేవాలంటే రెండురోజులు. ఆ సాయంత్రమేమో రామసముద్రంలో పెండ్లి. పెండ్లికి తాను మనసుపడిన నీరజ వస్తుంది... పచ్చ ఓణీలో వస్తుంది... దామోదర్ కోడు చెరిపేసినాడు. లైటు ఆరిపోయింది.

"అయిపోయింది, తీసకపోప్పా."

బయ్యమ్మ పోయినాక కుప్పుస్వామి ఆ కారు ముఖం చూడలేదు. దామోదర్ షెడ్డులో పడేసి పోయినాడు. దామోదర్‌కు నిద్ర లేదు. చివరికి కొత్త సెన్సార్ వేసి, ఈ అమావాస్య రాత్రి కారును మిట్టకు తెచ్చినాడు. మంచి సెన్సార్‌తో కూడా ఆగిందా... తప్పు దెయ్యానిదే. తనది కాదు.

"ఆపు తల్లీ..." అని మొక్కుకుంటూ ఎక్కించినాడు.

ఆగలేదు.

తిప్పుకోనొచ్చి మళ్లీ ఎక్కించినాడు. ఆగలేదు. మూడోసారి... ఇంజన్ జోలపాట మాదిరి సాగిపోయింది. కండ్లలో నీళ్లు తిరిగి, తానే తాళం తిప్పి ఆపేసినాడు. కార్లోపలి లైటు అతని ముఖం మీద వెలిగింది.

అప్పుడే ఆ పిలుపు.

"దామోదరా... పలకవేమప్పా?"

తెల్లగా ఏదో దగ్గరికొచ్చింది. తలకు తువ్వాలు. చేతిలో క్యారియరు...

కుప్పుస్వామి!

"నువ్వా అప్పా... ఈ పొద్దులో ఈడేం జేస్తాండావు?"

"పెతి అమాస్సెకీ వస్తాండా. మా బయ్యమ్మ ఈడ చిక్కుకోనుండాది గదా. ఒక్కతే బిక్కుబిక్కుమంటా ఉంటాది. సంగటీ, ఊరిబిండి పచ్చడీ తెచ్చినా." ముసలాయన గొణిగినట్టు నవ్వినాడు. "బతికినన్నాళ్లూ ఉప్పు సాల్లేదని తిట్టింది. ఇప్పుడేం పెట్టినా ఒక్క మాట అనదు సూడు."

కారు వంక చూసి దాన్ని పోల్చుకున్నాడు.

"నీకూ ఆగిపోయిందా? సూస్తివా! బండి సరిగ్గా సూసుకోకుండా పెండ్లాన్ని సంపుకున్నానని ఊరంతా నన్నంటాది. నువ్వొక్కడివే నిజం సెప్పినావు నాయనా."

దామోదర్ తలూపితే చాలు... ఒక్కసారి తలూపితే చాలు.

కుప్పుస్వామి రోడ్డువార బండ మీద విస్తరాకు పరిచినాడు. సంగటిముద్ద పెట్టి చీకట్లోకి పిలిచినాడు.

"బయ్యా... తిను మే. సల్లారిపోతాది."

ఏ గొంతూ పలకలేదు. ముసలాయన చెవి ఒగ్గి అట్లే కూర్చున్నాడు.

దామోదర్ కారు దిగి ఆయన కాళ్ల దగ్గర కూలబడినాడు.

"ఈడ ఎవరూ లేరప్పా. బయ్యమ్మా లేదు, దెయ్యమూ లేదు. బండి దోవలో ఆగిపోతాదని నాకు ముందే తెలుసు. లైటు ఆర్పేసి, బాగుందని నీ చేతికిచ్చింది నేనేనప్పా."