వరసలో తడి చెప్పులు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక ఊడి నీ ఒళ్ళో పడుగాక! పళ్ళ మీద ఒట్టేద్దామంటే అవెలాగూ లేవు, నువ్వు నమ్మవు.

నా కూతురూ నేనూ కోర్టుకి వెళ్ళిన రోజది. మనవరాలు తండ్రి దగ్గరే ఉండాలని కింది కోర్టు తీర్పిచ్చింది. ఆ తండ్రి, అదే నా మాజీ అల్లుడు, పిల్లని మాకు గుమ్మంలోంచి కూడా చూపించేవాడు కాదు. అప్పీలు వెయ్యడానికి అదే ఆఖరి రోజు. కోర్టు కిటికీ మూసేలోగా కాగితాలు లోపల పడకపోతే పిల్ల మీద ఆశ వదులుకోవడమే. నా కూతురు తిండి మానేసి ఎంత చిక్కిపోయిందంటే, ఫ్యాను వేస్తే ఎగిరిపోకుండా నేను కొంగు పట్టుకుని కూర్చునేదాన్ని.

తీరా వెళ్తే కాగితాలు తీసుకునే కిటికీకి తాళం! పక్కన కొత్త నోటీసు. జిగురింకా ఆరలేదు. "నేటి నుండి దాఖలు పత్రములు నేలమాళిగ గదిలో మాత్రమే స్వీకరించబడును. గడువు దాటిన పత్రములు ఏ కారణముచేతనూ స్వీకరించబడవు." అప్పుడప్పుడూ కిటికీ మార్చకపోతే ఆ ఆఫీసు వాళ్ళకి తిన్నది అరగదు కాబోలు.

మెట్లు దిగాం, దిగాం, పాతాళం దాకా దిగాం. కింద ఒకే ఒక్క బల్బు, అదీ మినుకుమినుకుమంటూ. చెమ్మ పట్టిన కాగితాల వాసన, ఎలకల వాసన. ఎక్కడో లోపల నుంచి ముద్ర కొడుతున్న చప్పుడు. టప్... టప్...

వరసంటావా, భూమికి ఓ చుట్టు చుట్టినా ఇంకా మిగిలేది. నిలబడి నిలబడి కాళ్ళు పీకి, జనం చెప్పులో సంచులో వరసలో వదిలేసి గోడవారన చతికిలబడ్డారు. వరస కదిలితే వెనకవాళ్ళు ముందువాళ్ళ వస్తువుల్ని కూడా కాస్త జరపాలి. అది వరస మర్యాద.

మా ముందు ఒక జత ఆడవాళ్ళ చెప్పులున్నాయి. మడమల దగ్గర అరిగిపోయిన రబ్బరు చెప్పులు. వాటి చుట్టూ నీళ్ళు కారి మడుగు కట్టింది. బయట చూస్తే రాళ్ళు పగిలే ఎండ.

"ఇవెవరివమ్మా?" అన్నాను.

అందరూ మొహాలు తిప్పుకున్నారు.

"టీకి వెళ్ళుంటుంది, పాపం," అనుకుని, వరస కదిలినప్పుడల్లా వాటిని నా కాలితో ముందుకి నెట్టాను. నెట్టిన కొద్దీ బరువెక్కాయి. చివరికి ఏనుగుని తోస్తున్నట్టే ఉంది.

"అమ్మా... వాటిలో ఎవరో నిలబడ్డట్టుంది," కూతురు నా చెవిలో అంది.

"నోర్ముయ్యవే. ఉన్న భయాలు చాలవా?"

ముందున్నవాళ్ళంతా పని చూసుకుని వెళ్ళిపోయారు. మేమిద్దరమే మిగిలాం. కిటికీ వెనకున్న గుమస్తా తలెత్తకుండా చెయ్యి చాపాడు. నేను కాగితాల కట్ట లోపలికి తోశాను. అప్పుడు కింద చూశాడు. మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"ఆ చెప్పులు ఎవరు జరిపారు?"

"నేనే. ఏం, చెప్పులు కూడా అర్జీ పెట్టుకోవాలా?"

"వాటినెవరూ జరపరు పెద్దమ్మా... పక్కనుంచి దాటి వచ్చేస్తారు." గొంతు తగ్గించాడు. "వెనకోసారి ఇలాగే కిటికీ మార్చాం. ఈ చెప్పులావిడ తన బిడ్డ కోసం అర్జీ తెచ్చింది, నోటీసు కనబడలేదు. జోరు వానలో పాత కిటికీ దగ్గరే నిలబడింది. గడువు దాటిపోయింది. తర్వాత ఆవిడా పోయింది. ఆవిడ బిడ్డ ఏమైందో మాత్రం అడక్కండి. ఇప్పుడు కిటికీ ఎక్కడికి మారిస్తే అక్కడి వరసలో ఉంటుంది. తనంతట తను ముందుకి రాలేదు. ఎవరో ఒకరు తేవాలి."

మా కాగితాల మీద ముద్ర కొట్టాడు. పడలేదు. సిరా అద్ది మళ్ళీ కొట్టాడు. కాగితం తెల్లగానే ఉంది.

"ఆవిడ పని కాందే మీ పని కాదు," అంటూ కట్ట నా చేతుల్లోకి తోసేశాడు.

"అయితే ఆవిడ కాగితాలే ముందు తీసుకో నాయనా!"

"గడువు దాటిందిగా! తీసుకుంటే నా ఉద్యోగం పోదూ?"

చూశావా, దెయ్యం కంటే నోటీసుకే ఎక్కువ భయపడ్డాడు! ఈలోగా కిటికీ షట్టరు కిర్రుమంటూ దానంతటది దిగడం మొదలెట్టింది.

నా కూతురు ఆ మడుగులో మోకాళ్ళ మీద కూలబడింది.

"అక్కా... నా పిల్లకి మూడేళ్ళు. నా చెవి పట్టుకుంటే గాని నిద్రపోదు. ఇన్నాళ్ళూ ఎవరి చెవి పట్టుకుందో... నీకు దణ్ణం పెడతా. జరుగు అక్కా..."

బల్బు ఆరింది.

చప్పుడు లేదు. తర్వాత... రబ్బరు నేల మీద రాసుకుంది. మెల్లగా. చెప్పులు మా వైపు తిరిగినట్టు వినబడింది.

మొహానికి చల్లటి ఊపిరి తగిలింది. కట్ట మీద ఏదో పెట్టినట్టయింది. నా చేతులు కుంగాయి. కాగితాల మధ్య నుంచి నీళ్ళు నా మోచేతుల దాకా కారాయి.

"మీ దాంట్లో కలిపి ఇస్తానంటోంది..." అన్నాడు గుమస్తా. "ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నాం! కొట్టు ముద్ర!" అని కట్ట మళ్ళీ లోపలికి తోశాను.

ఏ అమ్మమ్మైనా అదే అంటుంది.

టప్.

పడింది. షట్టరు ధడాలున దిగింది. బల్బు వెలిగేసరికి చెప్పుల్లేవు. నేలంతా పొడిగా ఉంది.

అప్పీలు గెలిచాం. కోర్టు మనిషి పిల్లని కారులో తీసుకొచ్చాడు. తల్లిని చూడగానే పిల్ల దూకి మెడకి చుట్టుకుంది, చెవి పట్టుకుంది. మా ఇద్దరి ఏడుపుకి వీధంతా వరదొచ్చిందనుకో! అంతలో పిల్ల జారి కిందికి దిగింది. మళ్ళీ కారు దగ్గరికి పరిగెత్తి లోపలికి చెయ్యి చాపింది.

"దిగు, దిగు. మనిల్లు ఇదేనంట."

లోపల ఎవరూ లేరు. సీటు మాత్రం తడిసి ముద్దయిపోయింది.

అయ్యో, మాటల్లో పడి పిల్ల అన్నం సంగతే మర్చిపోయాను. నా మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. నువ్వు కాస్త మేడ మీదికెళ్ళి దాన్ని కిందికి తీసుకురా తల్లీ. ఒక్కసారే పిలువు. రెండు గొంతులు పలికితే కంగారుపడకు, వచ్చిన దాన్ని చంకనేసుకుని తిన్నగా దిగిపో. మెట్ల మీద ఇంకో చెయ్యేదైనా చల్లగా నీ వేలు పట్టుకుంటే మాత్రం విదిలించుకోకు.

చిన్నపిల్ల. భయపడుతుంది.