నాలుగో నంబరు హాజరు

తొంభై ఏడు, జూన్ నెల. మంథనిలో మా కోడలు దేవకిని కాన్పుకు చేర్చిన ఆస్పత్రి చిన్నది. సాయంత్రం నాలుగింటికే మబ్బు కమ్మి గాలివాన మొదలైంది. బిడ్డ అడ్డం తిరిగిందని ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. కాసేపటికే కరెంటు పోయింది.

వెనక రేకుల గదిలో జనరేటర్ నడిచేది, పావుగంటకు ఆగేది. రెండుసార్లు అట్లాగే అయింది. మళ్లీ ఆగితే దేవకి దక్కదని నర్సు చెప్పిపోయింది.

మెకానిక్ దశరథం నా దగ్గర మూడో తరగతి చదివినవాడే.

"టార్చి పట్టుండ్రి టీచర్. గా ప్యానెల్ మీది ఇంగ్లీషు జర చదువుండ్రి."

"ఎక్కాలు తప్పినట్టు దీన్ని తప్పకురా."

"గప్పటి ముచ్చట గిప్పుడెందుకు టీచర్!"

పిల్లలకు చెప్పినట్టు చెప్తాను. ఇంజన్‌ను నడిపించే, ఆపే ఆ ప్యానెల్‌కు కళ్లుండవు. సెన్సర్ల తీగల మీద వచ్చే కబురే దానికి ఆధారం. ఒకటో నంబరు ఆయిల్, రెండోది నీళ్ల వేడి, మూడోది డీజిల్. మనం హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ పిలుస్తుంది. ఎవరు పలక్కపోయినా ఇంజన్ ఆపేస్తుంది. నాలుగోది మాత్రం గోడకున్న ఎర్ర బటన్. అంతకుముందేడు ఆపరేటర్ హనుమండ్లు ఈ గదిలో తలుపేసుకుని నిద్రపోయి, పొగకు చచ్చిపోయాడు. అప్పటినుంచి ఆపరేటర్ పావుగంటకోసారి ఆ బటన్ నొక్కి, మెలకువగా ఉన్నానని చెప్పాలి.

ఆ రోజు కొత్త ఆపరేటర్ వానకు రాలేదు. గాలికి పొగగొట్టం ఊడి గదినిండా పొగ. అక్కడ మనిషి ఎక్కువసేపు నిలబడలేడు.

"నాలుగో నంబరును పిలవొద్దని రాస్తున్న" అని దగ్గుతూనే దశరథం మీటలు నొక్కాడు. ఇంజన్ అందుకుంది. పొగ వార్డులోకి రాకుండా తలుపుకు తాళం వేశాము. తాళంచెవి నా కొంగుకు కట్టుకున్నాను.

పావుగంట... అరగంట... ఆగలేదు. గంటన్నరకు బిడ్డ ఏడుపు. మగపిల్లవాడు. దేవకి బతికింది.

నేను దండం పెట్టుకుంటుంటే దశరథం నా మోచేయి పట్టుకున్నాడు. 

"టీచర్... రాసిన గని, సేవ్ మీట నొక్కలే. రాసింది ప్యానెల్‌కు యాదికుండదు. నాలుగును పిలుస్తనే ఉన్నది."

"మరి పలికిందెవరురా?"

తలుపు దగ్గర నిలబడ్డాం. కాలిన డీజిల్ వాసన. ఇంజన్ రొద. ఆ రొదలో, లోపల...

టక్.

తాళం తీశాను. పొగ. ఎవరూ లేరు. ఎర్ర బటన్ మీద మసి బొటనవేలి ముద్ర. ఇంకా తడిగా...

మనవడికి ఇప్పుడు రెండేళ్లు. నా పక్కనే పడుకుంటాడు. నిద్రలో పావుగంటకోసారి కుడి బొటనవేలితో బొంతను నొక్కుతాడు. గడియారం పెట్టుకుని చూశాను. ఒక్కసారి తప్పలేదు.

నిన్న మధ్యాహ్నం ఆ వేలిని గుప్పిట్లో పట్టి ఆపాను.

వాడి ఊపిరి ఆగింది.

వదిలేశాను. వేలు మెల్లగా బొంత మీదికి దిగింది. మెత్తటి పాతచీరల బొంత.

టక్... అని వినబడింది.