లాంతరు బారుల మూల కుర్సీ

మా లాంతరు బారుల మూలకున్న కుర్సీ మీద బొగ్గు బాయిల దిగెటోళ్ళు కూసోరు. రామగుండం కరెంటు ప్లాంటోళ్ళు కూసుంటరు, లారీలోళ్ళు కూసుంటరు, వాళ్ళకేం ఎరుక… జాగ లేకుంటే మావోళ్ళు గోడకానుకొని నిలవడి తాగుతరు గని, ఆ కుర్సీ దిక్కు సుత సూడరు.

ఎందుకో నన్నడుగుండ్రి, చెప్త. బారు ముంగట మిర్చి బండి నాదే. లింగవ్వ బండి అంటే గోదావరిఖనిల ఎవలన్న చూపిస్తరు. లోపలి ముచ్చట మందు పోసే అంజి చెప్పిండు. ఆఖరి ముచ్చట ఎవలు చెప్పిండ్రంటే… ఆగుండ్రి, అంత తొందరేంది?

ఆ బారు ఇయ్యాలటిది కాదు. కరెంటు రానప్పుడు అది రేకుల కింద సారా దుకాణం. ముంగటి గుంజకు లాంతరు కట్టెటోళ్ళు, రాత్రి షిఫ్టు దిగొచ్చెటోళ్ళకు తొవ్వ కనవడాలెనని. తొవ్వ కాదు, మా మామ జీతం కనవడాలెనని! మామ పోయినంక నా మొగడు సుత అదే తొవ్వ పట్టిండు. సారా బందయినంక స్లాబు ఏసిండ్రు, ఏసీ పెట్టిండ్రు, బోర్డు మార్చిండ్రు. లాంతరు మాత్రం గల్లా మీద ఏలాడుకుంటనే ఉంది. ఇప్పటికీ ఆటోవాళ్ళు "లాంతరు బారు కాడ దిగుతవా అవ్వా?" అనే అడుగుతరు.

మూల కుర్సీ గట్టయ్యది. బాయిల సర్దార్ పని చేసి రిటైరయిండు. సర్దార్ అంటే ఏంది? మనుషుల్ని లోపలికి తోలక ముందు ఇనుప పొన్నున్న కట్టె పట్టుకొని పైకప్పు తట్టి చూడాలె. టంగ్ మంటే గట్టిగున్నట్టు. డొబ్ మని బోలుగ మోగిందా… ఇగ కాళ్ళకు బుద్ధి చెప్పుడే.

గట్టయ్య డ్యూటీల ఉన్నప్పుడే కప్పు కూలి, వాని కింద పనిచేసే రాయమల్లు సచ్చిపోయిండు.

"నేను తట్టే చూసిన. ఆ దిక్కు పోకురా అన్న… ఇనలే. వాని తప్పే," అని ఎంక్వైరీకొచ్చిన సార్ల ముంగట చెప్పిండు గట్టయ్య. నోట్లె మన్నువడ! రాయమల్లు ఎసొంటోడో మాకెరుక లేదా? పెండ్లి పందిట్ల సుత గుంజ తట్టి చూసి కూసునేటోడు. మేం ఎంత నవ్వేటోళ్ళమో.

రాయమల్లు పెండ్లాం సారవ్వ ఒక్కటే అడిగింది. "మనిషి ఎట్లాగు రాడు. ఆ మాటొక్కటి వెనక్కి తీసుకో సర్దారన్నా. సచ్చినోని మీద తప్పు పెట్టకు." గట్టయ్య మొఖం తిప్పుకొని పోయిండు.

బతకాలె గదా… ఆ బారుల్నే గ్లాసులు కడిగే పనికి కుదిరింది సారవ్వ. "మొగుణ్ణి తిన్నోడు తాగిన గ్లాసు ఎట్ల కడుగుతున్నవే, సిగ్గు లేదా?" అని నేనే తిట్టిన.

మొన్నటి వానకాలం మొదలైంది ఆ చప్పుడు.

గట్టయ్య వచ్చి కూసున్నడు. అంజి మందు పోసిండు. నెత్తి మీద, స్లాబుల… టంగ్.

ఆగింది.

టంగ్…

అందరు మీదికి చూసిండ్రు. ఎలుకైతే బిరబిర ఉరుకుతది. ఇది తట్టి, ఆగి, ఇని, జర జరిగి మల్ల తట్టుడు… బాయిల సర్దార్ తట్టే తీరే. ఎవలో గుసగుసగ అన్నరు, "రాయమల్లన్నా…"

"పిల్లి," అన్నడు గట్టయ్య. అని గ్లాసు ఒక్క గుక్కల ఖాళీ చేసిండట.

గట్టయ్య రాని నాడు చప్పుడు లేదు. వచ్చిన నాడల్లా ఉంది. మెల్లగ వాని చుట్టుపక్కల కుర్సీలన్ని ఖాళీ అయినయి. అయినా వస్తనే ఉన్నడు. రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టయితది గదా, ఇజ్జత్ ఏంగావాలె!

ఒకనాడు వాన దంచి కొడుతుంది. కరెంటు పోయింది. అంజి లాంతరు ముట్టిచ్చిండు.

టంగ్…

టంగ్…

డొబ్.

అంతే! కుర్సీలు కిందవడ్డయి, గ్లాసులు పలిగినయి, బాయి పనోళ్ళంత వానల నా బండి మీద వచ్చి వడ్డరు. లోపల ఇద్దరు లారీ డ్రైవర్లు మాత్రం "ఏమైందన్నా?" అనుకుంట మిర్చి నములుతున్నరు. గట్టయ్య కుర్సీల్నే ముడుసుకున్నడు. రెండు చేతులు నెత్తి మీద పెట్టుకొని ఒకటే ఒర్లుడు…

"తట్టలేదురా రాయమల్లూ! కట్టె లేపనే లేదు! 'ఒక్కపారి తట్టరాదే సర్దారన్నా' అని బతిమాలితివి… నాకు నిషా దిగలే… 'మంచిగనే ఉంది, పో' అని నేనే తోల్తి! నన్నిడిసిపెట్టు నాయనా…"

దర్వాజ కాడున్నోళ్ళంత ఇన్నరు. రాయమల్లుతోని ఒక్క షిఫ్టుల పని చేసినోళ్ళు… అందరిన్నరు. నాకైతే మరిగే నూనె తెచ్చి వాని మొఖాన కొట్టాలన్నంత కోపమొచ్చింది.

అప్పుడు… మెట్ల మీద అడుగుల చప్పుడు. మీది అర్రల నుంచి ఎవలో దిగుతున్నరు. లాంతరు ఎలుగుల ముందుగాల కట్టె కనవడ్డది. కట్టెకు ఇనుప పొన్ను. ఎనుక తడిసిన పాదాలు…

సారవ్వ!

థూ, దెయ్యం లేదు ఏం లేదు! ఖాళీ సీసలు పెట్టే అర్ర ఊడ్వబోయి ఇన్నొద్దులు తట్టింది ఈమెనే. అందరికి పాణం కుదుటపడ్డది. గట్టయ్య నవ్విండో, ఏడ్చిండో.

"నువ్వానే సారవ్వా… నువ్వేనా…" అనుకుంట మల్ల మీదికి చూసిండు. "ఇప్పుడు బోలుగ మోగింది గదా… కప్పు ఎట్లుంది?"

సారవ్వ స్లాబు దిక్కు చూసింది. మల్ల వాని దిక్కు చూసింది.

"మంచిగనే ఉంది. కూసో."

అని బయటికొచ్చింది.

చెప్పులు ఆడనే ఇడిసిపెట్టి ఉరికిండు గట్టయ్య. గడప కాడ వడి, లేచి, వానల వడి పోయిండు. ఇగ ఆనాటి నుంచి ఏ కప్పు కింద కూసోడు. సొంత ఇంట్ల సుత పండడు. వానొచ్చినా వాకిట్లనే, ప్లాస్టిక్ పట్టా కప్పుకొని. పెండ్లాం పిలిచి పిలిచి యాష్టకొచ్చింది.

తెల్లారి ఓనరు మేస్త్రీని పిలిపిచ్చిండు. మేస్త్రీ స్లాబంత తట్టిండు. టంగ్, టంగ్… రాయి లెక్కుంది, యాడ పగులు లేదు, బోలు లేదు అన్నడు.

పొద్దుగూకంగ సారవ్వ నా బండి కాడ కూసొని ఉల్లిగడ్డ కోస్తుంటే అడిగిన.

"ఆ బోలు చప్పుడు ఎట్ల తీసినవే?"

"నేను తియ్యలే అక్కా." కత్తి ఆగలే. "మూడోపారి కట్టె లేపిన. కిందికి ఆనియ్యనే లేదు… మోగింది. ఇగ కూలుతదనుకొని దిగబోయిన. మెట్ల మీద వాని మాట ఇన్న."

నేను గంటె పక్కకు పెట్టిన.

"కూలుతదనుకొనే దిగితివి… మరి వాణ్ణి కూసోమంటివి గదనే?"

సారవ్వ ఇంకో ఉల్లిగడ్డ తీసుకుంది.

"అంటి," అన్నది.