ఎడమ చేతి బ్రేకు

"మెకానిక్ మళ్ళీ వచ్చాడు," అన్నాడు పెద్దాయన.

డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని ఎదురుగా చీఫ్ అంటారు, చాటుగా పెద్దాయన అంటారు. బల్లకు ఇవతల కూర్చున్న ఏజెంట్ కోడ్ నేమ్ నత్త. ఆ పేరు పెట్టింది అతని అన్నయ్యే. కొండ ఎక్కేటప్పుడు తమ్ముడు సైకిల్ తొక్కే వాలకం చూసి పెట్టాడు.

అన్నయ్య కూడా ఏజెంటే. పోయిన ఏడాది, ముఠావాళ్ళు మెకానిక్ అని పిలిచే ఈ మనిషి వెంటపడి కనుమ దిగుతూ, ఆనకట్టకు కాస్త పైనున్న మలుపులో లోయలో పడిపోయాడు. అప్పుడు ఎక్కింది డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కొత్త సైకిల్. దాని ముందు బ్రేకు వైరును ఎవరో ఆకురాయితో ముప్పాతిక వంతు అరగదీశారు. మెల్లగా నొక్కితే బ్రేకు పడుతుంది, గట్టిగా నొక్కితే వైరు పుటుక్కుమంటుంది. పేపర్లో మాత్రం యాక్సిడెంట్ అని వచ్చింది.

"ముఠావాళ్ళు ఆనకట్టలో బాంబులు పెట్టారు," అన్నాడు పెద్దాయన. "ఎక్కడ పెట్టారో మనవాళ్ళకింకా దొరకలేదు. రిమోట్ మెకానిక్ తెస్తున్నాడు, సైకిల్ టూరిస్టు వేషంలో. మీ అన్నయ్య పడిన మలుపు దాటితే ఆనకట్ట ఎదురుగా ఉంటుంది. అక్కణ్ణించి నొక్కాడంటే కింద ఊరుండదు."

"కాల్చెయ్యనా?"

"వద్దు. బాంబులెక్కడున్నాయో వాడే చెప్పాలి. నాకు ప్రాణాలతో కావాలి. కనుమ మీద లాడ్జిలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ ముందు వాళ్ళే చెప్తారు."

నత్త సరేనని తలూపాడు. తల ఊపినంత మాత్రాన మనసు ఊపినట్టు కాదు. ఆ మలుపులోనే వాణ్ణి లోయలోకి తోసేయాలని ఏడాదిగా పళ్ళు నూరుతున్నాడు మరి.

ఈసారి డిపార్ట్‌మెంట్ సైకిల్ వద్దన్నాడు. ఇంట్లో దుమ్ముపట్టి ఉన్న అన్నయ్య సొంత సైకిల్ దులిపి తీశాడు. అన్నయ్యది ఎడంచేతి వాటం. అందుకని బ్రేకులు తారుమారు చేయించుకున్నాడు. మామూలుగా అందరి సైకిళ్ళకీ ముందు బ్రేకు కుడి చేతికి ఉంటే, దీనికి ఎడమ చేతికి. "దీన్ని దొంగిలించినవాడు మొదటి వాలులోనే పళ్ళు రాలగొట్టుకుంటాడురా," అని నవ్వేవాడు.

తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టాడు. పెట్టుడు గడ్డం, నల్లద్దాలు, వెనక క్యారియర్‌కి రెండు సంచులు, వాటి మీద ఆరేసిన తడి మేజోళ్ళు. ఫ్రేముకి బిగించిన గాలిపంపులో మత్తు సూది. చెక్‌పోస్టులో కార్లన్నీ ఆపి సీట్లు కూడా పీకి చూస్తున్న గార్డు, ఇతన్ని చూసి జాలిపడ్డాడు.

"ఏం కర్మయ్యా నీకు, బస్సులు లేవా? ఇందాక కూడా ఒకడు ఇలాగే రొప్పుతూ పోయాడు. నీళ్ళు కావాలా?"

సొంత కాళ్ళతో కొండ ఎక్కేవాణ్ణి ఎవరూ అనుమానించరు. మెకానిక్‌కి తెలిసిన గొప్ప రహస్యం ఇదే.

మొదటి గేరులో గంటల తరబడి తొక్కాడు. చెమట గడ్డం కిందికి దిగి జిగురు ఊడేలా ఉంది. ఒక్కో మలుపు ఎక్కుతూ మెకానిక్‌ని ఒక్కో బూతు తిట్టుకున్నాడు. బూతులు అయిపోయాయి గానీ మలుపులు అయిపోలేదు.

లాడ్జి వరండాలో మెకానిక్ కాఫీ తాగుతున్నాడు. అతని పక్కన ఎర్ర స్కార్ఫు, ఖరీదైన కళ్ళజోడు, పగలబడి నవ్వుతున్న ఒక అందగత్తె.

వదిన.

నత్త గుండె మండిపోయింది. అన్నయ్య పోయిన నెలకే ఇల్లు వదిలి, ముఠావాళ్ళతో తిరుగుతోందని విన్నాడు. నమ్మలేదు. ఇప్పుడు కళ్ళారా చూశాడు.

మొహం కడుక్కోవడానికి లోపలికెళ్ళి వచ్చేసరికి, సైకిల్ హ్యాండిల్‌కున్న సంచి మీద సన్నటి ఇనుప రజను మెరుస్తోంది. కుడి చేతి బ్రేకు వైరు అరిగి, నాలుగు పోగుల మీద నిలిచి ఉంది. ఒంటరిగా వచ్చినవాణ్ణి ఎందుకైనా మంచిదని సాగనంపే అలవాటు మెకానిక్‌ది. అందరి సైకిళ్ళలాగే ఇదీ అనుకున్నాడు. సంచి అడ్డంగా ఉంటే, వైరు ఏ చక్రానికి పోతోందో చూసే ఓపిక కూడా లేకపోయింది.

నత్త దగ్గర కొత్త వైరు ఉంది. తీయలేదు, మారిస్తే మెకానిక్‌కి తెలిసిపోతుందని.

"గాలి ఎటు వీస్తోంది?" వెనక నుంచి ఆడగొంతు.

నత్త బిగుసుకుపోయాడు. అది కోడ్. "సైకిల్ వాడికి ఎటెళ్ళినా ఎదురుగాలే," అన్నాడు ఎలాగో.

"రిమోట్ వాడి సైకిల్ బెల్లులో ఉంది. వాడి టైరు కోసేశాను," అంది వదిన పెదవులు కదపకుండా. "నన్ను తర్వాత తిట్టుకుందువు గానీ. ఏడాదిగా వాడి పక్కన కూర్చుని నవ్వుతున్నాను. నీకు కోపం ఒక్కటే, నాకు ఆ నవ్వు కూడా."

నత్తకు సిగ్గుగా అనిపించింది. ఏదో అనబోయేంతలో మెకానిక్ తన టైరు చూశాడు. తర్వాత వీళ్ళిద్దర్నీ చూశాడు. తెలివైనవాడే, క్షణంలో గ్రహించాడు. బెల్లు పీకి జేబులో వేసుకుని, నత్తను ఒక్క తోపు తోసి, అతని సైకిలెక్కి వాలులోకి దూసుకుపోయాడు.

నత్త పంపు గురిపెట్టాడు. ఎదురుగా వీపు స్పష్టంగా కనిపిస్తోంది. పంపు దించేశాడు.

"కొట్టవేం?" అంది వదిన.

"ముందర మలుపుంది వదినా."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, కారు తాళాలు తీసింది.

కారు వాలు దిగుతుంటే నత్తకు భయం పట్టుకుంది. ఒకవేళ వాడు బ్రేకు నొక్కకుండానే మలుపు తిరిగితే? తన పగ కోసం ఊరంతటినీ పందెం కాశాడు. ఎప్పుడో చిన్నప్పుడు మానేసిన దణ్ణాలన్నీ వరసగా పెట్టుకున్నాడు.

మెకానిక్ నొక్కాడు. కుడి బ్రేకు తానే చెడగొట్టాడు కనుక దాని జోలికి పోలేదు. వెనక చక్రాన్ని ఆపుతుందన్న ధీమాతో ఎడమది ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. ముందు చక్రం ఉన్నచోటే బిగుసుకుపోయింది. సైకిల్ ఆగింది, మెకానిక్ ఆగలేదు.

వీళ్ళు వెళ్ళేసరికి రోడ్డు మీద పాకుతున్నాడు. ఒక చెయ్యి వేలాడిపోతోంది. రెండో చేతిలో బెల్లు. రోడ్డంచు పిట్టగోడ సందులోంచి ఆనకట్ట కనిపించేంత దూరం పాకేశాడు కూడా. బొటనవేలు బెల్లు మీద పడబోతుండగా నత్త పరుగున వచ్చి మణికట్టు మీద కాలేశాడు. సైకిల్ బూటుకి అడుగున ఇనుప క్లిప్పు ఉంటుంది. కావాలనే కాస్త తిప్పాడు.

వదిన బెల్లు తీసుకుంది. మెకానిక్ నత్త వైపు కాకుండా పక్కన పడున్న సైకిల్ వైపు చూస్తున్నాడు, అది తనకు ద్రోహం చేసినట్టు.

"ముందు బ్రేకు ఎడమ చేతికి," అన్నాడు నత్త. "మా అన్నయ్య పద్ధతి."

పక్కనే లోయ ఉంది. ఒక్క తన్ను చాలు. నత్త కాలు లేచింది కూడా.

"వద్దు," అంది వదిన. "చస్తే వీడికి నొప్పి తెలియదు."

నత్త కాలు దించి, వాచీలోని రేడియో నొక్కాడు.

"వాడు ప్రాణాలతోనే ఉన్నాడా?" అడిగాడు పెద్దాయన.

"ఉన్నాడు సార్. ఎముకల డాక్టర్ని పంపించండి," అన్నాడు నత్త. సైకిల్ లేపి, హ్యాండిల్ సరిచేసి, దుమ్ము దులిపాడు. "తొందరేం లేదు."