మొలిచే చెవులు

గాజు గదిలో నాంపల్లి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. ఎత్తిన చెయ్యి అతను దించడం లేదు. కుర్చీ కిర్రుమంటోంది, చొక్కా రాసుకుంటోంది, ఎక్కడో ఫ్యాను తిరుగుతోంది. ఇందులో ఏది పరీక్షో, ఏది కాదో తెలియడం లేదు.

పన్నెండేళ్ల కింద షెడ్డులో సాంచాల మోత అతని చెవులను తినేసింది. మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలంటారు.

సూది వేసేముందు డాక్టర్ కాదంబరి కాగితం మీద నత్తగుల్ల బొమ్మ గీసి, పక్కన రాసి చూపించింది. లోపలి చెవి ఇలా ఉంటుంది. అందులో వేల హెయిర్ సెల్స్. శబ్దానికి అవి ఊగితే ఆ కబురు నరం గుండా మెదడుకు చేరుతుంది. పెద్ద మోతకు చచ్చిపోతాయి. మనిషికైనా ఏనుగుకైనా పోయినవి తిరిగి రావు. కోడికి మాత్రం నెల తిరిగేసరికి మళ్లీ మొలుస్తాయి. ఆ కోడి విద్యనే ఆమె సూదిమందు చేసి అతని చెవుల్లోకి ఎక్కించింది.

"కోడికున్నపాటి అదృష్టం మనకు లేకపాయె మేడం," అన్నాడు నాంపల్లి అప్పుడు.

గది బయటికి రాగానే ఎవరో ఆడమనిషి "బాపూ" అని పిలిచింది. ఎవరి బిడ్డో అనుకుని అతను తిరగలేదు. భుజం తట్టాక చూస్తే తన బిడ్డ అక్షిత. చెవులు పోయిననాడు దానికి ఐదేళ్లు. దాని గొంతు వినడానికే అతను ఈ సూదికి ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లూ దాని పెదవులు కదిలినప్పుడల్లా అతని తలలో ఆ ఐదేళ్ల గొంతే పలికేది. ఈ గొంతు ఇంకెవరిదో.

"ఇవి మల్ల పోతయా మేడం?"

"పోతే పోనివ్వండి. నెలలో మళ్లీ మొలుస్తాయి."

ధైర్యానికి అన్న మాట అది. తోడొచ్చిన షెడ్డు ఓనరు కూడా విన్నాడు.

నెలలోపే షెడ్డులో అందరికీ సూదులు పడ్డాయి. మోత వినపడకుండా చెవులకు పెట్టుకోవడానికి ఈ మధ్యే సర్కారు ఇప్పించిన ఇయర్ మఫ్‌లు మేకుల మీంచి మాయమయ్యాయి. మోత తగ్గించడానికి వేసిన అడ్డుగోడ పీకేసి, ఆ జాగాలో ఇంకో ఎనిమిది సాంచాలు దించారు. అడిగినవాళ్లకు ఓనరు ఒకటే జవాబు: "మొలుస్తయి కదనే."

చెవులు పది రోజులకు పోయేవి, నెలకు వచ్చేవి. ఊళ్లో ఎవరికెప్పుడు వినపడుతుందో ఎవరికీ తెలియదు. హోటల్లో ఒకడు అరిస్తే, ఇంకొకడు "నాకిప్పుడు ఉన్నయిరా" అని చెవులు మూసుకునేవాడు. అక్షిత లెక్క వేసి, బాపుకు వినపడే రోజులను క్యాలెండర్‌లో ఎర్రగా చుట్టింది. చెవులు ఆ లెక్క వినలేదు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వినపడింది. బిడ్డతో మాట్లాడాలని నాంపల్లి ఇంటికి ఉరికాడు. దాని పెట్టె లేదు.

"పట్నంల హాస్టల్‌కు పోయింది. మూడేండ్లు ఆడనే సదువుడు," అంది భార్య భూలక్ష్మి. "మొన్న అది నిన్ను అడిగితే తలూపినవ్ గద."

పన్నెండేళ్లుగా ఎవరేమన్నా తలూపడం అతనికి అలవాటు.

"మొన్న నాకు చెవులు లెవ్వు."

"క్యాలెండర్ల ఉండె మరి."

ఫోన్ చేశాడు. అవతల మోగి ఆగిపోయింది. కాసేపటికి టింగుమని మెసేజ్ వచ్చింది.

"బాపూ, మంచిగ చేరిన. లెక్క ప్రకారం ఇయ్యాల్టి నుంచి నీకు వినపడది. అందుకే ఎత్తలేదు. ఏమన్నుంటే రాసి పంపు."

నాంపల్లి రెండుసార్లు చదివాడు. రెండుసార్లూ తలలో పలికింది ఐదేళ్ల పిల్ల గొంతే.