పెద్దక్క ఊదిన కార్డు

వాన మొదలయ్యే ముందు ఆ లాప్‌టాప్ రిపేరు షాపులో అంతా మామూలుగానే ఉంది. సోల్డరింగ్ వాసన, ఫ్యాను చప్పుడు, అరల నిండా విప్పి పెట్టిన లాప్‌టాప్‌లు. గల్లాపెట్టె పక్కన మాత్రం ఒకటి, యజమాని తప్ప ఇంకెవరూ ముట్టకుండా దర్జాగా కూర్చుని ఉంటుంది. గీతలు పడ్డ పాత లాప్‌టాప్. మూత తెరిస్తే ఇప్పటికీ సన్నగా తలనూనె వాసన వస్తుంది. అది షాపు యజమాని మొదటి భార్యది.

ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆవిడా ఈ పనే చేసేది. గిరాకీలు పెద్దక్క అనేవారట. ఆ లెక్కన, ఆయన్ని చేసుకుని తర్వాత వచ్చిన ఈ రెండో భార్య చిన్నక్క అయిపోయింది. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా చిన్నక్కకి ఒళ్ళు మండేది. బోర్డులు బాగుచెయ్యడంలో తనేం తీసిపోయిందని?

అన్నిటికన్నా మంట ఆ లాప్‌టాప్ మీద. పెద్ద ఫైలు ఏది డౌన్‌లోడ్ చెయ్యాలన్నా ఆయన దాని దగ్గరికే వెళ్ళి కూర్చుంటాడు. అందులో ఉన్నదేమో ఓబీరాయన కాలం నాటి వైఫై కార్డు. దాని మీద రాసిన వేగం యాభై నాలుగు ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ పెడితే మూడొందలు దాటేది. చిన్నక్క ముచ్చటపడి తన లాప్‌టాప్‌లో వేసుకున్న కొత్త కార్డు అదే గదిలో, అదే రూటరు మీద, అందులో సగం కూడా అందుకోలేదు.

"పాతవాటిల్లో కొన్ని అలా ఉంటాయే. కంపెనీవాళ్ళు తక్కువ రాసి అమ్ముతారు," అనేవాడాయన. అక్కడితో ఆగితే బాగుండేది. "పైగా అది తను ఊది పెట్టిన కార్డు," అని ఆవిణ్ణి తలుచుకుని మురిసిపోయేవాడు.

కార్డు బిగించే ముందు దాని బంగారు రంగు అంచు మీది దుమ్ము పోయేలా "ఉఫ్" అని ఊదడం పెద్దక్క అలవాటట. చిన్నక్కా ఊదుతుంది. ఆ సంగతి ఆయన కంట ఏనాడూ పడలేదు.

ఆ సాయంత్రం ఆయన ఓ గిరాకీకి లాప్‌టాప్ ఇచ్చి రావడానికి వెళ్ళాడు. వాన ముసురుకుంది. చిన్నక్క షట్టరు సగం దించి, పాత లాప్‌టాప్‌ని బోర్లా తిప్పి, స్క్రూడ్రైవరు అందుకుంది. ఆ కార్డు ఇవాళ తన లాప్‌టాప్‌లోకి రావాలి. పాతదాంట్లో పనికొచ్చేది తీసి ఇంకోదాంట్లో వెయ్యడం ఈ పనిలో రోజూ ఉండేదే. ఇక ఏ ఫైలు కావాలన్నా ఆయన తన పక్కన వచ్చి కూర్చోవాలి. ఆమె కోరిందల్లా అంతే.

అడుగు రేకు విప్పగానే చెయ్యి ఆగిపోయింది.

కార్డుకి సిగ్నల్ పట్టే యాంటెన్నా వైర్లు తగిలించి లేవు. నల్లదీ తెల్లదీ రెండూ టేపు చుట్టి ఓ మూలకి మడిచి ఉన్నాయి. టేపు మీద ఏళ్ళ దుమ్ము. వైర్లు లేని కార్డుకి సిగ్నల్ అంత బాగా అందాలంటే ఆ సిగ్నల్ పంపేది జానెడు దూరంలో ఉండాలి. రూటరేమో గది ఆ చివర గోడకి ఉంది.

మరి ఇన్నాళ్ళూ ఇది దేన్ని పట్టుకుంది?

భయం వెయ్యాల్సింది. కానీ అసూయే ముందొచ్చింది. "వైర్లు కూడా అక్కర్లేదా నీకు?" అని పళ్ళు కొరుక్కుంటూ కార్డు ఊడబీకి తన లాప్‌టాప్‌లో పెట్టింది. పంతం కొద్దీ తనూ వైర్లు తగిలించలేదు. ఆవిడ చేసినట్టు చెయ్యడం ఇష్టం లేక, రోజూ ఊదే మనిషి ఇవాళ ఊదనూ లేదు.

ఆన్ చేసింది. సిగ్నల్ సున్నా.

"ఇంతేనా నీ గొప్ప?" అని నవ్వింది. అంతలో కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. రూటరు దీపాలు ఆరిపోయాయి. చీకట్లో తెర వెలుగొక్కటే మిగిలింది. షట్టరు కింద నుంచి తడి సిమెంటు వాసన... దాంతోపాటు సన్నగా తలనూనె వాసన.

తెర మూల సిగ్నల్ గీత ఒకటి వెలిగింది.

రూటరు ఆరిపోయింది కదా...

రెండో గీత. గల్లాపెట్టె దగ్గర కుర్చీ కిర్రుమంది.

"ఎవరూ..." అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

మూడో గీత... వెనక బల్ల మీద ఏదో స్క్రూ దొర్లి కింద పడింది. తిరిగి చూడాలనుకుంది. మెడ తిరగలేదు.

గీతలన్నీ నిండాయి.

చెవి పక్కన, చల్లగా... "ఉఫ్."

షట్టరు గరగరమని పైకి లేచింది. తడిసి ముద్దయిన ఆయన, చేతిలో ఫోను వెలుగు. చిన్నక్క ప్రాణం లేచొచ్చింది.

"ఏవండీ..." అంది గుసగుసగా.

ఆ వెలుగు ఆమె మొహం మీద పడి, ఆగకుండా కాస్త పక్కకి జరిగి, భుజం దగ్గర నిలిచింది. ఆయన మొహం విప్పారింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె ఎదురుచూస్తున్నది ఆ నవ్వు కోసమే. ఆయన స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఇక్కడికొచ్చి కూర్చున్నావా?" అన్నాడు, ఆమె భుజం వైపు చూస్తూ, ఎంతో మెత్తగా. తర్వాత షాపంతా ఓసారి కలయజూశాడు.

"ఇంతకీ చిన్నది ఏదీ? షట్టరు వదిలేసి ఎక్కడికి పోయింది?"